పెద్దమ్మకు రెండు ముఖాలు

భారతదేశంలోని ఏ భాషలోనైనా జానపద కథలను తిరగవేసినపుడు తప్పక ఎదురయ్యే పాత్రలు కొన్ని ఉన్నవి. సాహసియైన రాకుమారుడు, ఏడు సముద్రాల ఆవల చెరలో ఉన్న రాకుమారి, మాయల మాంత్రికుడు, మాటలాడే చిలుక. వీరందరితోపాటు ఊరి చివర గుడిసెలో ఒంటరిగా కాలం గడిపే ముసలమ్మ ఒకతె కూడ ఉంటుంది. ఆమెకు సాధారణంగా పేరుండదు. ఆమె కథానాయిక కాదు. కాని ఆమె తలుపు తెరవనిదే కథ ముందుకు నడవదు. కొన్ని కథలలో ఆమె బాటసారికి అన్నం పెట్టి దారి చూపుతుంది. మరికొన్నింటిలో పసిపిల్లలను మ్రింగుతుంది, పాడిపశువుల పాలు విరుస్తుంది, రోగాలు తెస్తుంది.

ఒకే వృద్ధ స్త్రీకి ఈ రెండు ముఖాలు ఎట్లు ఏర్పడినవి? ఈ ప్రశ్న కేవలం సాహిత్య విద్యార్థులకు సంబంధించినది కాదు. కథలోని రెండవ ముఖాన్ని ఊరిలోని ఒక నిజమైన స్త్రీకి తగిలించి, ఆమెను హింసించే దురాచారం మన దేశంలో కొన్ని ప్రాంతాలలో నేటికీ కానవస్తున్నది. అందువల్ల ఈ పాత్ర స్వరూపాన్ని తెలిసికొనడం సాహిత్యానికీ, సమాజానికీ కూడ అవసరమే.

భిలాయి బస్తీలో

ఈ విషయాన్ని పరిశీలించడానికి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి నగరం అనువైన చోటు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒడంబడిక ఫలితంగా దుర్గ్ జిల్లాలో వెలసిన ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కర్మాగార నిర్మాణానికి దేశం నలుమూలల నుండి పనివారు తరలివచ్చారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వచ్చిన తెలుగువారు వారిలో గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. పవర్ హౌస్ ప్రాంతానికి చేరువలోని క్యాంప్ 2 వంటి బస్తీలు ఆ శ్రామిక జీవితం నుండే పుట్టినవి. తెలుగు, ఛత్తీస్‌గఢీ, ఒడియా, భోజ్‌పురీ భాషలు అక్కడ ఇరుగుపొరుగు గడపలలో వినిపిస్తాయి.

పనికోసం వలస వచ్చినవారు పెట్టెబేడలతోపాటు కథలను కూడ వెంట తెచ్చుకొంటారు. తెలుగు తల్లి తన బిడ్డకు పేదరాశి పెద్దమ్మ కథ చెప్పే చోటనే, పక్క ఇంటి ఛత్తీస్‌గఢీ తల్లి చీకటి పడిన తరువాత టోన్హీ తిరుగుతుందని బిడ్డను హెచ్చరించవచ్చును. కర్మాగారంలో పనిచేసిన సోవియట్ నిపుణుల దేశంలో పిల్లలు బాబా యాగా కథ వింటూ పెరిగారు. మూడు కథలలోను ఉన్నది ఒక ముసలమ్మయే. అయితే మొదటి ఆమె తల్లివంటిది, రెండవ ఆమె భయంకరి, మూడవ ఆమెలో ఈ రెండు గుణాలూ ఉన్నవి.

అన్నం పెట్టే పెద్దమ్మ

తెలుగు కథలలోని పేదరాశి పెద్దమ్మ మనకు చిరపరిచితురాలు. పేదరాశి అనగా పేదరాలు. దేశాలు తిరుగుతూ వచ్చిన రాకుమారుడు పొద్దుగూకే వేళకు కొత్త పట్టణం చేరుకొంటాడు. అతనికి అక్కడ చుట్టమూ లేడు, పక్కమూ లేదు. ఊరి మొదట పెద్దమ్మ ఇల్లు కనిపిస్తుంది. ఆమె అతనికి వండి పెట్టి, తల దాచుకొనడానికి చోటు చూపి, ఆ ఊరి మర్మాలన్నీ విప్పి చెపుతుంది. రాజుగారి అమ్మాయి ఏ మేడలో ఉన్నదో, ఏ రాక్షసుడు రోజుకొక మనిషిని కోరుతున్నాడో ఆమెకు తెలియనిది లేదు. పూలమాల పేరుతో అంతఃపురానికి పోయి వార్త చేరవేయగలిగినది కూడ ఆమెయే. ముసలిదానిని అనుమానించే కావలివాడుండడు.

బాలనాగమ్మ కథలో ఈ పాత్రకు ప్రసిద్ధమైన రూపం ఉన్నది. మాయల మరాఠీ చెరలో ఉన్న తల్లిని వెదకికొంటూ బయలుదేరిన బాలవర్ధిరాజు, అక్కడికి పూలు తీసికొని పోయే తంబళి పెద్ది అనే వృద్ధురాలిని ఆశ్రయించి, ఆమె సాయంతోనే లోపలికి ప్రవేశిస్తాడు. బుర్రకథలుగా, నాటకాలుగా ఊరూరా తిరిగిన ఈ కథ 1942లో చలనచిత్రంగా కూడ వచ్చి తెలుగునాట విశేషాదరణ పొందినది.

ఈ పాత్ర వెనుక నిజ జీవితం ఉన్నది. హోటళ్లు లేని కాలంలో బాటసారులకు అన్నం పెట్టినవారు సత్రాలవారు, పూటకూటి ఇండ్లవారు. భర్త చనిపోయి వేరు జీవనాధారం లేని స్త్రీలకు పూటకూలు ఒక బ్రతుకుతెరువు. 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కంలో ఈ స్త్రీ కథాలోకం నుండి వాస్తవ లోకానికి దిగివచ్చినది. పూటకూళ్లమ్మ పెట్టిన అన్నం తిని, ఆమె డబ్బు వాడుకొని, ఆమెనే మోసగించిన గిరీశాన్ని ఆమె చీపురుకట్టతో వెదకికొంటూ వస్తుంది. పెద్దమ్మ ఆదరణను పొందినవాడు కృతఘ్నుడైతే ఏమవుతుందో గురజాడ చూపించారు. జానపద కథలో నాయకుడు పట్టాభిషిక్తుడైన తరువాత పెద్దమ్మ ఏమైనదో కథ చెప్పదు. ఆధునిక రచయిత చెప్పవలసి వచ్చినది.

పురాణాల సాక్ష్యం

తెలుగు పలుకుబడిలో పెద్దమ్మ అన్న పదమే రెండు అర్థాలు గలది. తల్లికి అక్క పెద్దమ్మ. గ్రామాన్ని కాపాడే దేవత కూడ పెద్దమ్మయే. కాని ‘నెత్తిన పెద్దమ్మ తాండవిస్తున్నది’ అన్నపుడు ఆమె లక్ష్మికి అక్కయైన జ్యేష్ఠాదేవి, దారిద్ర్యానికి అధిదేవత. దశమహావిద్యలలో ఒకరైన ధూమావతిని కూడ వితంతువుగా, వృద్ధురాలిగా, కాకి ధ్వజము, చేట కలదానిగా వర్ణించారు. దారిద్ర్యానికీ వైధవ్యానికీ కూడ దేవతారూపం ఇచ్చి నమస్కరించిన సంప్రదాయం ఇది.

మహాభారతంలోని జర వృత్తాంతం మరింత ఆసక్తికరమైనది. జర అనగానే ముసలితనం. మగధరాజు బృహద్రథుని ఇద్దరు భార్యలు ఒకే మామిడిపండును పంచుకొని తినగా, ఒక్కొక్కరికి సగం శిశువు పుట్టినది. దాదులు భయపడి ఆ రెండు తునకలను బయట పారవేశారు. వాటిని తీసికొని ఒకటిగా చేర్చి ప్రాణం పోసి, బిడ్డను రాజుకు అప్పగించినది జర అనే రాక్షసి. అందుకే ఆ బిడ్డ జరాసంధుడైనాడు. నరమాంసం తినే జాతిగా పేరుపడినప్పటికీ ఆమె తనను గృహదేవతగా చెప్పుకొంటుంది. తన చిత్రాన్ని గోడమీద వ్రాసి పూజించే ఇల్లు వృద్ధి పొందుతుందని అంటుంది. బిడ్డను తినగలిగిన చేయి, బిడ్డను బ్రతికించిన చేయి ఒకటే కావడం ఈ వృత్తాంతంలోని సారాంశం.

రామాయణంలో శ్రీరామునికి పండ్లు పెట్టి ఆతిథ్యమిచ్చిన శబరి వృద్ధురాలు, అడవిలో ఒంటరిగా జీవించిన తపస్విని. ఆమె పేరుతో ముడివడిన శివరీనారాయణ్ క్షేత్రం ఛత్తీస్‌గఢ్‌లో మహానది ఒడ్డున ఉన్నది. శబరీ నది ఒడిశాలో పుట్టి, ఛత్తీస్‌గఢ్ పొలిమేరను తాకుతూ వచ్చి, తెలుగునాట కూనవరం వద్ద గోదావరిలో కలుస్తున్నది. తమిళదేశంలో అవ్వైయార్ కథ మరొక విధమైనది. పెండ్లి తప్పించుకొని జ్ఞానమార్గంలో ఉండడానికి ఆమె యౌవనంలోనే వార్ధక్యాన్ని కోరి పొందినదని ఐతిహ్యం. స్త్రీకి దేశమంతటా నిర్భయంగా తిరిగే స్వేచ్ఛ ముసలితనంలోనే లభిస్తుందన్న లోకానుభవం ఈ ఐతిహ్యంలో దాగి ఉన్నది.

వేపకొమ్మ రెండు అర్థాలు

ఛత్తీస్‌గఢ్ పల్లెలలో సంవత్సరంలోని మొదటి పండుగ హరేలీ. ఉత్తరాది పంచాంగం ప్రకారం అది శ్రావణ అమావాస్య. మాసం అమావాస్యతో ముగిసే మన లెక్కకు ఆషాఢ అమావాస్య. నాడు రైతులు నాగలి మొదలైన పనిముట్లను కడిగి పూజిస్తారు. పిల్లలు గేడీలు అనే వెదురు పొడుగుకాళ్లమీద నడుస్తూ ఆడుకొంటారు. ఇంటి గుమ్మాలకు వేపకొమ్మలు కడతారు. కమ్మరి వచ్చి తలుపు చట్రానికి ఇనుప మేకు కొడతాడు. ఆ రాత్రి టోన్హీలు మంత్రసాధన చేస్తారనీ, వేపకూ ఇనుముకూ వారు భయపడతారనీ విశ్వాసం.

ఇదే ఆషాఢంలో తెలంగాణ స్త్రీలు వేపరెమ్మలతో అలంకరించిన బోనాలు తలకెత్తుకొని పోచమ్మ, ఎల్లమ్మ, మహంకాళి, పెద్దమ్మ తల్లులకు నివేదిస్తారు. రెండు ప్రాంతాలలోను వానలు పడి అంటువ్యాధులు తలయెత్తే కాలమే ఇది. రెండు చోట్లా రక్షణగా పట్టుకొన్నది వేపకొమ్మనే. అయితే ఒక చోట అది తల్లిని ఇంటికి పిలిచే గుర్తు. మరొక చోట ఒక స్త్రీని గడప దాటి రానీయకుండా ఆపే గుర్తు. భయం ఒకటే; దానికి సమాజం చూపే దారులు రెండు.

పండుగగా చూచినపుడు హరేలీ ఎంతో సుందరమైనది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, టోన్హీ అన్న ఊహ ఒక ఇంటి నంబరుతో, ఒక మనిషి ముఖంతో జతపడినపుడు. ఊరిలో బిడ్డ జబ్బుపడుతుంది, ఎద్దు చచ్చిపోతుంది, పంట ఎండిపోతుంది. బైగాను పిలిపించి కారణం అడుగుతారు. ఎవరో ఒకరి పేరు పైకి వస్తుంది. ఆ పేరు తరచు వితంతువుది, సంతానం లేనిది, లేక వాదించే నోరుగలది అయి ఉంటుంది. అనేక సందర్భాలలో ఆమె అనుభవిస్తున్న కొద్దిపాటి భూమిపై దాయాదుల కన్ను ఉంటుంది. ఈ స్థితి ఒక్క ఛత్తీస్‌గఢ్‌కే పరిమితం కాదు. ఉత్తరాంధ్ర మన్యంలో చిల్లంగి అనీ, తెలంగాణలో బాణామతి అనీ, ఇతర చోట్ల చేతబడి అనీ పేర్లు మారుతాయి. నింద మోపే పద్ధతి మారదు.

బాబా యాగా చెప్పే రహస్యం

రష్యన్ కథలలోని బాబా యాగా కోడికాళ్లపై నిలిచి గిరగిర తిరిగే గుడిసెలో నివసిస్తుంది. రోలులో కూర్చుండి, రోకలితో నెట్టుకొంటూ ఆకాశంలో తిరుగుతుంది. ఆమె కంచెకు మనుష్యుల పుర్రెలుంటాయి. అఫనాస్యెవ్ 1855 నుండి 1863 వరకు ప్రకటించిన కథల సంపుటాలలో ఆమె అనేక పర్యాయాలు కనిపిస్తుంది. వాసిలిస అనే అమ్మాయిని సవతి తల్లి ఇంటివారు నిప్పు తెమ్మని ఆమె వద్దకు పంపుతారు. అమ్మాయి వణకుతూనే ఆమెను ‘అవ్వా’ అని పిలిచి, చెప్పిన పనులు చేసి, అదుపు తప్పకుండా మాటలాడుతుంది. బాబా యాగా ఆమెను తినదు. నిప్పు ఇచ్చి పంపుతుంది. ఆ నిప్పే వాసిలిసను బాధించినవారిని దహిస్తుంది.

రష్యన్ పండితుడు వ్లదీమీర్ ప్రోప్ 1928లో ప్రకటించిన జానపద కథా నిర్మాణ గ్రంథంలో పాత్రలను వాటి పనులనుబట్టి వర్గీకరించాడు. నాయకునికి హాని చేసే ప్రతినాయక పాత్ర ఒకటి. అతనిని పరీక్షించి మాయా వస్తువునిచ్చే దాత పాత్ర మరొకటి. ఒకే వ్యక్తి ఈ రెండు పనులనూ చేయవచ్చునని ఆయన వివరణ. బాబా యాగా దీనికి చక్కని ఉదాహరణ. మన పెద్దమ్మ, జర, బాబా యాగా ముగ్గురూ ఒకే తెగలోనివారని ఈ దృష్టితో చూస్తే తెలుస్తుంది.

ఇందులో గమనింపదగిన అంశం సంబోధన. తెలుగు కథలో బాటసారి గుమ్మంలో నిలిచి ‘అవ్వా’ అని పిలుస్తాడు. ఆమె ‘ఎవరు నాయనా’ అంటుంది. ఆ ఒక్క మాటతో అపరిచితుడు మనుమడవుతాడు. గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన హేన్సెల్, గ్రెటెల్ కథలో పిల్లలు అడవిలోని ముసలిదాని ఇంటిని చూడగానే ఆ తీపి గోడలను విరుచుకొని తినసాగుతారు. అక్కడ చుట్టరికం ఏర్పడదు. కథ పొయ్యిలో మంటతో ముగుస్తుంది. ముసలమ్మ దాత కావడమా, రాక్షసి కావడమా అన్నది చాలా మేరకు ఆమెను ఏమని పిలిచారన్న దానిపై ఆధారపడి ఉన్నదని ఈ కథలు చెపుతున్నవి.

ఆధునిక రచనలలో

ఇరువదవ శతాబ్దపు రచయితలు ఈ పాత్రను లోపలి నుండి చూడనారంభించారు. 1907లో దక్షిణారంజన్ మిత్ర మజుందార్ ప్రకటించిన బెంగాలీ కథల సంపుటికి ‘ఠాకూర్‌మార్ ఝులి’, అనగా అవ్వ సంచి, అని పేరు పెట్టారు. రవీంద్రనాథ ఠాకూరు దానికి పీఠిక వ్రాశారు. కథలోని ముసలమ్మకంటె కథ చెప్పే ముసలమ్మ ముఖ్యురాలన్న గుర్తింపు ఆ పేరులో ఉన్నది. విభూతిభూషణ్ వంద్యోపాధ్యాయ నవల ‘పథేర్ పాంచాలి’లోని ఇందిర్ ఠాకూరణ్ పిల్లలకు కథలు చెప్పే ముసలి అత్త; కాని ఇంటిలో ఆమెకు పట్టెడన్నం కూడ భారమే. 1955లో సత్యజిత్ రాయ్ చిత్రంలో చునీబాలాదేవి ఆ పాత్రకు ప్రాణం పోశారు.

తారాశంకర్ వంద్యోపాధ్యాయ ‘డాయినీ’ అన్న కథలో మంత్రగత్తెగా ముద్రపడిన ముసలమ్మ చివరకు తన చూపులో విషమున్నదని తానే నమ్మే దుస్థితిని చిత్రించారు. నింద నెంతకాలం వింటే మనిషి దానిని నిజమనుకొంటుందో ఆ కథ చెపుతుంది. మహాశ్వేతాదేవి ‘బాయెన్’ కథలో చండీదాసి వృద్ధురాలు కాదు. పసిపిల్లల శవాలను పూడ్చే వంశవృత్తి చేసే తల్లి. ఊరు ఆమెను వెలివేసి కన్న కొడుకు నుండి కూడ వేరు చేస్తుంది. ఆమె రైలును ప్రమాదం నుండి కాపాడి ప్రాణం విడిచిన తరువాతనే, ఆమె నా తల్లి అని చెప్పుకొనే ధైర్యం కొడుకుకు కలుగుతుంది. ఇక్కడ కూడ కథ ఒక పిలుపుతోనే పరిసమాప్తి చెందుతున్నది. 2002లో విశాల్ భరద్వాజ్ పిల్లలకోసం తీసిన ‘మక్డీ’ హిందీ చిత్రంలో, ఊరిని గడగడలాడించిన మంత్రగత్తె చివరకు మాయలు తెలియని మోసగత్తెగా తేలుతుంది.

భిలాయికి సమీపంలోని గనియారీలో పుట్టిన పండవానీ గాయని తీజన్‌బాయి జీవితం కూడ ఈ సందర్భంలో స్మరణీయం. మగవారు పాడే పద్ధతిలో నిలబడి భారత కథను పాడినందుకు ఆమెను తన సమాజమే వెలివేసినది. తరువాత ఆమె భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి అయినారు. 2019లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకొన్నారు. కట్టుబాటు దాటిన స్త్రీని సమాజం మొదట వెలివేసి, ఆ తరువాత తల్లిగా గౌరవించిన ఉదాహరణ ఇది.

చట్టం, చైతన్యం

టోన్హీ వేధింపుల నివారణకై ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో ప్రత్యేక చట్టం చేసినది. దానిని అనుసరించి ఎవరినైనా టోన్హీ అని పేరుపెట్టి చూపడమే నేరం. అందుకు 3 సంవత్సరాల వరకు శిక్ష ఉన్నది. ఆ పేరుతో శారీరకంగా గాని మానసికంగా గాని బాధిస్తే 5 సంవత్సరాల వరకు శిక్ష పడవచ్చును. ఇటువంటి చట్టాలు బీహారులో 1999లోను, ఝార్ఖండ్‌లో 2001లోను, ఒడిశాలో 2013లోను వచ్చినవి. రాజస్థాన్, అస్సాం శాసనసభలు 2015లో వీటిని ఆమోదించినవి. రాయ్‌పూర్‌కు చెందిన నేత్రవైద్యులు డాక్టర్ దినేశ్ మిశ్ర ఏ స్త్రీ టోన్హీ కాదన్న నినాదంతో పల్లెలు తిరిగి ప్రచారం చేశారు.

నిందను ఎదిరించిన స్త్రీలే ఈ ఉద్యమానికి బలం. ఝార్ఖండ్‌లో మంత్రగత్తె అన్న ముద్రతో ఇల్లు విడువవలసి వచ్చిన ఛుట్నీ మహతో తనవంటి స్త్రీలకు అండగా నిలిచారు. అస్సాంలో బీరుబాలా రాభా ఎందరినో ఈ దురాచారం నుండి కాపాడారు. వీరిరువురికీ 2021లో పద్మశ్రీ లభించినది. బీరుబాలా 2024లో కన్నుమూశారు.

చట్టం శిక్షించగలదు; భయాన్ని తొలగించడానికి మాత్రం చదువు, వైద్యం కావాలి. బిడ్డకు జ్వరం వచ్చినపుడు ఆరోగ్య కేంద్రం దగ్గరలో ఉంటే బైగా చూపే వేలు ఎవరివైపుకూ తిరుగదు. వితంతువు పేర భూమి పట్టా స్పష్టంగా ఉంటే, ఆమెను వెళ్లగొట్టి లాభపడే దారి మూసుకొనిపోతుంది.

ఇందుకోసం పాత కథలను పారవేయనక్కరలేదు. చీకటి కథలు విని భయపడడం, ఆ భయాన్ని జయించడం బాల్యానికి అవసరమే. కథలోని ముసలమ్మ కథలోనే ఉండాలి. వీధిలోని ముసలమ్మ మన అవ్వ కావాలి. పాఠశాలలలోను, కళాశాలలలోను చదివే విద్యార్థులు తమ ఇండ్లలోని వృద్ధులనుండి ఇటువంటి కథలను వ్రాసికొని, ఇతర భాషల సహాధ్యాయుల కథలతో పోల్చి చూచుట మంచి అభ్యాసం. భిలాయి వంటి పట్టణాలలో ఈ పని సులభం. పొరుగింటి గడప దాటితే చాలును. తెలుగు పిల్లవాడు ఛత్తీస్‌గఢీ వృద్ధురాలిని ‘డోకరీ దాయీ’ అని పిలిచిననాడు, ఆ పిల్లవాడికి అవ్వ ఒకతె అదనంగా దొరుకుతుంది. ఆ ఊరికి టోన్హీ ఒకతె తగ్గుతుంది.